జీన్‌బ్యాంక్‌లో మ్యాచ్ రాకపోతే కొత్త జాతి అయిపోదు బాబూ (అపోహలు - వాస్తవాలు)

నిన్న మళ్లీ అదే మెసేజ్. "మేడమ్, కాకినాడ శాంపిల్‌లో కోపిపాడ్ ఒకటి, బ్లాస్ట్ చేస్తే 84 శాతమే వస్తోంది, కొత్త జాతే కదా?" కింద మసక ఫొటో, రెండు దండాలు. కోపిపాడ్ అంటే రొయ్యలకు చుట్టమైన బుల్లి నీటి జీవి; బ్లాస్ట్ అంటే దాని డీఎన్‌ఏ అక్షరాల వరసని (సీక్వెన్స్) జీన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ ఖజానాలో ఉన్నవాటితో పోల్చి చూడటం. విడివిడిగా జవాబులు ఇచ్చే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: జీన్‌బ్యాంక్‌లో దొరకలేదు కాబట్టి కొత్త జాతి.

వాస్తవం: దాని సీక్వెన్స్ ఎవరూ అక్కడ పెట్టలేదు, అంతే. మన తీరంలో దొరికే చిన్న క్రస్టేషియన్లలో (రొయ్యలు, పీతల వర్గం జీవులు) చాలావాటికి పేరుంది, బొమ్మలున్నాయి, సీక్వెన్సే లేదు. సీమోర్ సెవెల్ అనే జంతుశాస్త్రవేత్త 1929, 1932లలో భారత సముద్రాల కోపిపాడ్లను కాళ్ల మీది ముళ్లతో సహా గీసి పెట్టేనాటికి సీక్వెన్సింగ్ అన్న మాటే లేదు. ముందు ఆ పాత పేపర్లు తిరగేయాలి, టైప్ స్పెసిమెన్‌తో (జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా దాచిన అసలు నమూనా) పోల్చాలి, అన్నిటికంటే ముందు మీ చేతిలో ఉన్నది పెద్దదా పిల్లా, ఆడదా మగదా తేల్చుకోవాలి. ఇవేవీ చేయకుండా ఏడాది ఫెలోషిప్ సీక్వెన్సింగ్‌కి పోసి, రివ్యూయర్ ఒక్క లైన్లో తిప్పి పంపితే ఏడ్చిన పిల్లల్ని చూశాను.

నేనేం తక్కువ తినలేదు. పీహెచ్‌డీలో భీమిలి దగ్గర ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) పట్టే వల లాగితే కాలనాయిడ్ అనే రకం కోపిపాడ్ ఒకటి పడింది, మిల్లీమీటరు కూడా లేదు. గ్లిజరిన్ చుక్కలో రెండు సూదులతో ఒక్కో కాలూ ఊడదీసి ఏడు నెలలు బొమ్మలు గీశాను, పేరు కూడా అనుకున్నాను. మా సార్ మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టి, ఐదో జత కాళ్లు చూసి, "దీనికింకా ఒక కుబుసం బాకీ ఉందమ్మా" అన్నారు. కోపిపాడ్‌కి ఆరు నాప్లియస్ (తొలి పిల్ల) దశలు, ఐదు కోపిపోడైట్ (తర్వాతి పిల్ల) దశలు దాటితేనే పెద్దతనం. నాది ఐదోదాని దగ్గరే ఆగింది. కాలనాయిడ్లలో జాతిని ఎక్కువగా పట్టిచ్చేది పెద్ద మగదాని ఐదో కాళ్లే, అవే ఇంకా పూర్తిగా రాలేదు! ఇంటికెళ్లి అన్నం తినలేదు. తర్వాత తెలిసింది, 1802లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త బాస్క్ అంతటివాడే జోయియా అని ఒక ప్రజాతికి పేరు పెట్టేశాడట, తీరా అది పీత పిల్ల. ఆ సంగతి 1820లలో థాంప్సన్ అనే పరిశోధకుడు వాటిని పెంచి చూసేదాకా తేలలేదు.

మిగతావి గబగబా. ఫార్మాలిన్‌లో పెట్టి తర్వాత డీఎన్‌ఏ తీద్దామంటే కుదరదు, అది ముక్కలైపోతుంది; సగం శాంపిల్ మొదటే ఆల్కహాల్‌లో వేయండి. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. జాతికి మీ పేరే పెట్టుకోవచ్చా? నియమాల్లో నిషేధం లేదు, సిగ్గుండాలి. "హైదరాబాద్‌లో సముద్రమెక్కడిది మేడమ్" అనేవాళ్లకి: సీసాలు రైలెక్కుతాయి.

ఇది మాత్రం భయపడేవాళ్ల కోసం. నల్ల చందువా నోట్లో తెల్లటి పురుగుందని, పిల్లలకి పెట్టొచ్చా అని రామ్‌నగర్ మార్కెట్ నుంచే ఫోన్ చేసింది మా పిన్ని, గొంతు వణుకుతోంది. అది ఐసోపాడ్ పిన్నీ, రొయ్యల చుట్టమే, చేపను పట్టుకుని బతుకుతుంది, మనుషులకి పట్టదు, తల తీసేసి బాగా ఉడికించి పెట్టు, దాన్ని మాత్రం పారేయకు, శానిటైజర్‌లో వేసి ఉంచు అన్నాను. సాయంత్రం బాబాయితో పులుసు గిన్నె, ఆ సీసా రెండూ ఒకే సంచిలో పంపింది.