డిస్క్ మొరాయిస్తే పోస్ట్‌గ్రెస్ ఎందుకు పడిపోతుంది? 2018 ఎఫ్‌సింక్ గొడవ నేపథ్యం

స్టోరేజ్‌లో ఒక్క క్షణం తేడా వస్తే సర్వర్ మొత్తం పడిపోవాలా, ఇంకోసారి ప్రయత్నించి చూడొచ్చు కదా అనే వాదన పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ నడిపేవాళ్ల మధ్య మళ్లీ మొదలైంది. అర్ధరాత్రి లేచి లాగ్‌లో పానిక్ (సర్వర్ తనంతట తానే ఆగిపోవడం) అనే మాట, దాని పక్కనే ఎఫ్‌సింక్ (రాసినదంతా డిస్క్ మీదికి చేర్చమని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగే పిలుపు) ఎర్రర్ చూసినవాళ్లకు ఆ టెన్షన్‌లో కోపం రావడం సహజం. ఎఫ్‌సింక్ విఫలమైతే ఆగకుండా మళ్లీ ప్రయత్నించే డేటా సింక్ రీట్రై అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఈ బాధ ఉండదని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ సెట్టింగ్ ఎందుకు పుట్టిందో తెలియకుండా దాన్ని ముట్టుకోవడం ప్రమాదం.

పోస్ట్‌గ్రెస్ ఎక్కడ పుట్టింది, వాల్ (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే చిట్టా) ఎప్పుడు వచ్చింది అనేవి చాలామందికి తెలిసినవే. ఈ వాదన అర్థం కావాలంటే 2018 మార్చి నుంచి చూస్తే చాలు.

ఆ నెలాఖరులో పోస్ట్‌గ్రెస్ డెవలపర్ క్రెయిగ్ రింగర్ తోటి డెవలపర్ల ముందు ఒక సంగతి పెట్టారు. ఒక యూజర్ దగ్గర స్టోరేజ్ ఎర్రర్ వచ్చింది, ఆ తర్వాత డేటా పాడైంది. డిస్క్ తప్పు చేయడం వింత కాదు. అక్కడ ఆగిపోవాల్సిన పోస్ట్‌గ్రెస్, అంతా బాగానే ఉందనుకుని ముందుకెళ్లింది. అదీ ఆయన చెప్పిన అసలు విషయం.

పోస్ట్‌గ్రెస్ ఒక పేజీ (డేటా ఫైలులో ఒక చిన్న ముక్క) రాస్తే అది నేరుగా డిస్క్ మీదికి పోదు. ముందు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మెమరీలో ఉంచే పేజ్ క్యాష్‌లో పడి, ఇంకా డిస్క్‌కి చేరని డర్టీ పేజీగా ఉంటుంది. కెర్నల్ వీలు చూసుకుని దాన్ని డిస్క్‌కి పంపుతుంది. చెక్‌పాయింట్ అప్పుడు (అప్పటిదాకా జరిగిన మార్పులన్నీ డేటా ఫైళ్లలోకి చేర్చే సమయంలో) పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ పిలిచి, అన్నీ డిస్క్ మీదికి చేరాయా అని గట్టిగా అడుగుతుంది. చేరాయని జవాబొస్తే, అంతకుముందు వాల్‌తో తనకు ఇక పని లేదనుకుని ఆ ఫైళ్లను తీసేస్తుంది, లేదా తిరిగి వాడుకుంటుంది. డీఫాల్ట్‌గా 5 నిమిషాలకోసారి ఇది జరుగుతుంది. అంటే ఎఫ్‌సింక్ జవాబు నమ్మి, చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని వదులుకుంటుందన్నమాట.

ఎఫ్‌సింక్ ఎర్రర్ ఇస్తే అప్పటి పోస్ట్‌గ్రెస్ చెక్‌పాయింట్‌ని మధ్యలో ఆపి, కాసేపటికి మళ్లీ ప్రయత్నించేది. రాయలేకపోయిన పేజీ ఇంకా డర్టీగానే ఉంటుంది, రెండోసారి పిలిస్తే కెర్నల్ మళ్లీ రాస్తుంది అని దాదాపు 20 ఏళ్లుగా డెవలపర్ల నమ్మకం. లినక్స్‌లో అలా జరగదు. డిస్క్ మీదికి రాయలేకపోయిన పేజీకి కూడా లినక్స్ క్లీన్ అని ముద్ర వేస్తుంది. మొదటి ఎఫ్‌సింక్‌కి ఎర్రర్ చెబుతుంది. రెండోసారి పిలిస్తే, రాయడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి సక్సెస్ అంటుంది. పోస్ట్‌గ్రెస్ ఆ మాట నమ్మి చెక్‌పాయింట్ పూర్తి చేసేది. వాల్ పోయేది, డిస్క్ మీద పాత పేజీయే ఉండేది. లాగ్‌లో ఒక ఎర్రర్ లైను తప్ప ఇంకో గుర్తు ఉండేది కాదు.

కొన్నిసార్లు ఆ ఒక్క లైను కూడా దక్కేది కాదు. లినక్స్ 4.13కి ముందు, అదే ఫైలు మీద వేరే ప్రోగ్రామ్ ముందుగా ఎఫ్‌సింక్ పిలిస్తే ఎర్రర్ దానికి వెళ్లిపోయేది. 4.13 నుంచి ఫైలు తెరిచి ఉంచిన ప్రతి ఒక్కరికీ ఒకసారి చెప్పే ఏర్పాటు వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక ప్రాసెస్ ఫైలులో రాసి మూసేశాక, చెక్‌పాయింట్ పని చూసే చెక్‌పాయింటర్ అదే ఫైలును తర్వాతెప్పుడో తెరవొచ్చు. అది తెరవకముందే వచ్చిన ఎర్రర్ దాని కంట పడేది కాదు. ఈ లోటును 4.17లో చాలావరకు సరిచేశారు.

కెర్నల్ వాళ్ల వాదన కూడా వినాలి. ఐఓ (డిస్క్ చదవడం, రాయడం) ఎర్రర్లకు అన్నిటికంటే ఎక్కువగా కారణమయ్యేది పనిలో ఉన్న యూఎస్‌బీ స్టిక్‌ని ఎవరో పీకేయడమేనని లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ట్4 బాధ్యుడు థియొడోర్ సో వివరించారు. ఇక ఎప్పటికీ రాయలేని పేజీలను డర్టీగానే పట్టుకుని కూర్చుంటే మెమరీ నిండిపోతుంది. ఇది నిజమైన ఇబ్బందే. కానీ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ పేజీలను డర్టీగానే ఉంచుతుంది, అక్కడ రీట్రైకి అర్థం ఉంది. పోస్ట్‌గ్రెస్ వాళ్ల ఆశ మరీ గొంతెమ్మ కోరిక ఏమీ కాదు.

ఆ ఏప్రిల్‌లో యూటాలోని పార్క్ సిటీలో లినక్స్ స్టోరేజ్, ఫైల్‌సిస్టమ్ డెవలపర్లు సమావేశమైనప్పుడు పోస్ట్‌గ్రెస్ తరఫున ఆండ్రెస్ ఫ్రాయిండ్ వెళ్లి మాట్లాడారు. కెర్నల్ తన పద్ధతి మార్చుకోదని తేలిపోయింది. మారాల్సింది పోస్ట్‌గ్రెసే.

2019 ఫిబ్రవరి 14న వచ్చిన 11.2, 10.7, 9.6.12, 9.5.16, 9.4.21 విడుదలల్లో ఆ మార్పు అందింది. డేటా ఫైలు మీద ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైనా పానిక్. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో డేటా నిల్వ చూసే ఇన్నోడీబీ కూడా ఇదే దారి పట్టింది. పేజీలను నిలబెట్టుకునే ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయి కాబట్టి, వాటి కోసం డేటా సింక్ రీట్రై అనే సెట్టింగ్ పెట్టి, డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంచారు. లినక్స్ మీద దాన్ని ఆన్ చేయడమంటే 2018కి ముందు రోజులకు వెనక్కి పోవడమే.

పానిక్ అంటే సర్వర్ ఊరికే చచ్చిపోవడం కాదని ఈ వాదనలో చాలామంది మరిచిపోతున్నారు. కనెక్షన్లు తెగుతాయి, పోస్ట్‌గ్రెస్ తిరిగి లేచి చివరి మంచి చెక్‌పాయింట్ నుంచి వాల్ మొత్తం మళ్లీ నడిపిస్తుంది, పోయిన పేజీలను తిరిగి రాస్తుంది. అందరూ అడుగుతున్న రీట్రై ఇదే, సరైన పద్ధతిలో. డిస్క్ నిజంగానే చెడిపోయి ఉంటే ఆ రికవరీ కూడా విఫలమై సర్వర్ ఆగిపోతుంది. అప్పుడు ఆగడమే మంచిది.

ఈ రికవరీకి ఒక షరతు ఉంది. రాయబడని పేజీ కొత్త రూపం పేజ్ క్యాష్‌లో ఇంకా ఉండవచ్చు. రికవరీ దాన్ని చదివి, ఈ మార్పు అప్పటికే జరిగిపోయిందనుకుని వాల్ రికార్డును దాటేసే వీలుంది. ఫుల్ పేజ్ రైట్స్ ఆన్‌లో ఉంటే పేజీ మొత్తం బొమ్మ వాల్‌లో ఉంటుంది, దాన్ని తెచ్చి పైన రాసేస్తుంది. స్పీడ్ కోసం ఆ సెట్టింగ్‌ని ఆఫ్ చేసినవాళ్లు దీన్ని ఒకసారి ఆలోచించుకోవాలి.

రీట్రై ఆన్‌లో ఉండి పేజీ చడీచప్పుడు లేకుండా పోతే, బ్యాకప్ చూస్తే భయం ఇంకా ఎక్కువ. పోస్ట్‌గ్రెస్ 18 నుంచి కొత్త క్లస్టర్లలో డేటా చెక్‌సమ్‌లు (పేజీ పాడైతే పట్టిచ్చే లెక్కలు) డీఫాల్ట్‌గా ఆన్. మంచి మార్పే, కానీ ఇక్కడ అది కాపాడదు. డిస్క్ మీద మిగిలిన పాత పేజీ ఏ లోపమూ లేని పాత పేజీ, దాని చెక్‌సమ్ సరిగ్గానే ఉంటుంది. బేస్ బ్యాకప్ (డేటా ఫైళ్ల పూర్తి కాపీ) దాన్నే కాపీ చేస్తుంది, బ్యాకప్ వెరిఫై కూడా పాస్ చేస్తుంది. ఎర్రర్‌కి ముందు తీసిన బేస్ బ్యాకప్, అక్కడి నుంచి తెగకుండా ఉన్న వాల్ ఆర్కైవ్ ఉంటేనే ఆ డేటా తిరిగొస్తుంది. స్టాండ్‌బై (వెంట నడిచే నకలు సర్వర్) కూడా పనికొస్తుంది, ఎందుకంటే అది వాల్‌ని తన సొంత డిస్క్ మీద నడుపుకుంటుంది.

ఇంత గొడవకూ మూలం మనం రోజూ ట్యూనింగ్‌లో పాటించే ఒక సూత్రంలోనే ఉందని నా నమ్మకం. షేర్డ్ బఫర్స్‌ని (పోస్ట్‌గ్రెస్ సొంత క్యాష్) ర్యామ్‌లో 25 శాతం దగ్గర మొదలుపెట్టండి, 40 శాతం దాటితే పెద్దగా లాభం ఉండదు అని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ చెబుతుంది. మిగతాది కెర్నల్ క్యాష్ చూసుకుంటుందన్న భరోసా అది. 2018లో దెబ్బ తగిలింది ఆ భరోసాకే. ఇన్నోడీబీకి డైరెక్ట్ ఐఓ (పేజ్ క్యాష్‌ని దాటి నేరుగా డిస్క్‌తో పని) దారి ఎప్పటినుంచో ఉంది, మైఎస్‌క్యూఎల్ 8.4లో లినక్స్ మీద డీఫాల్ట్ కూడా అదే. పోస్ట్‌గ్రెస్‌లో డైరెక్ట్ ఐఓ 16వ వెర్షన్‌లో డెవలపర్ల పరీక్షల కోసం పెట్టిన సెట్టింగ్‌గా వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన 18వ వెర్షన్‌లో అసింక్రోనస్ ఐఓ (జవాబు కోసం ఆగకుండా పని సాగించడం) చేరింది, అదీ చదవడానికే. రాసే పని ఇప్పటికీ పేజ్ క్యాష్ మీదుగానే సాగుతోంది, చెక్‌పాయింట్‌కి ఇప్పటికీ ఎఫ్‌సింక్ మాటే ఆధారం.