కారులో పాట: డబ్బా మీది వాట్లు, డోరు లోపలి సంగతి

రాయగడలో కార్లకు స్టీరియోలు, స్పీకర్లు బిగించడం నా వృత్తి. పార్వతీపురం, గుణుపురం, కోరాపుట్ వైపుల నుంచి బండ్లు వస్తుంటాయి. ఒడియాలో మొదలైన బేరం చాలాసార్లు తెలుగులో ముగుస్తుంది. భాష ఏదైనా మొదటి ప్రశ్న మాత్రం ఒకటే: "అన్నా, ఇది ఎన్ని వాట్లు?" పదిహేను, ఇరవై వేల రూపాయల్లో మంచి పాట వినాలనుకునేవారి కోసమే ఇది రాస్తున్నాను. లక్ష పెట్టగలిగినవారికి సలహా చెప్పేవారికి ఎప్పుడూ కొరత లేదు.

అపోహ: వాట్లు ఎంత ఎక్కువైతే మోత అంత ఎక్కువ.

స్పీకరు డబ్బా మీద పెద్ద అక్షరాలతో 400 వాట్లు అని ఉంటుంది. అది ఒక్క క్షణం పాటు తట్టుకునే గరిష్ఠం. అసలు చూడవలసింది ఆర్‌ఎంఎస్ అంకె, అంటే ఎడతెగకుండా తట్టుకునే వాట్లు. అది డబ్బా పక్కనో అడుగునో చిన్న అక్షరాలతో ఉంటుంది, సాధారణంగా 40 నుంచి 60 మధ్య. ఆ అంకె ఎక్కడా కనిపించకపోతే డబ్బాను తిరిగి అలమరలో పెట్టించండి.

స్టీరియో మీద రాసే "50 వాట్లు, నాలుగు ఛానెళ్లు" సంగతీ అంతే. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో వోల్టేజీ 14 చుట్టూ ఉంటుంది. మామూలు స్పీకరు నిరోధం 4 ఓమ్‌లు. 14ను 14తో గుణించి, 4కు రెట్టింపైన 8తో భాగించండి: 24.5 వస్తుంది. స్టీరియో లోపలి చిన్న యాంప్లిఫైయర్ (సిగ్నలుకు బలమిచ్చే భాగం) వక్రం కాని శబ్దంతో ఒక్కో స్పీకరుకు ఇవ్వగలిగే హద్దు అదే. ఆచరణలో 15 నుంచి 20 వాట్లు అందితే గొప్ప. మిగిలిన వాట్లు అట్టపెట్టె మీదే ఉంటాయి.

అందుకే విడిగా యాంప్లిఫైయర్ పెట్టించలేనివారు వాట్లను వదిలేసి సెన్సిటివిటీ, అంటే ఒక వాటుకు ఎన్ని డెసిబెళ్ల శబ్దం చేస్తుందో చూడాలి. ఒక స్పీకరు 88 డెసిబెళ్లు, మరొకటి 91 అనుకుందాం. తేడా మూడే కదా అనిపిస్తుంది. కానీ 91 ఉన్నది 10 వాట్లతో చేసే శబ్దానికి 88 ఉన్నదానికి 20 వాట్లు కావాలి. చెవికి రెట్టింపుగా వినిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు పెరగాలి, అంటే పది రెట్ల విద్యుత్తు. 50 వాట్లది తీసి 60 వాట్లది పెట్టించి తేడా వినిపించలేదని వాపోయేవారికి నేను చెప్పేది ఈ లెక్కే.

అపోహ: స్పీకర్లు ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిది.

వెనుక అద్దం కింద రెండు పెద్ద ఓవల్ స్పీకర్లు, నాలుగు డోర్లలో నాలుగు, డ్యాష్‌బోర్డు మీద పై స్వరాలు పలికే రెండు చిన్న ట్వీటర్లు. అదే డబ్బును ఇన్ని ముక్కలు చేస్తే ఎనిమిదీ నాసిరకానివే వస్తాయి. ముందు డోర్లకు ఒక మంచి జత పెట్టించండి, వెనుక కంపెనీవారు ఇచ్చినవాటినే ఉంచండి. పాడేవారు ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు వినబడాలి గానీ వీపు వెనుక నుంచి కాదు. ట్యాక్సీ నడిపేవారు దీనికి ఒప్పుకోరు, వారి శ్రోతలు వెనుక సీట్లో ఉంటారు మరి. వారి విషయంలో నేనూ వాదించను.

అపోహ: స్పీకరు మంచిదైతే చాలు, డోరుతో పనేముంది?

నా దృష్టిలో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. స్పీకరు ముందు వైపు ఎంత శబ్దం చేస్తుందో వెనుక వైపూ అంతే చేస్తుంది, కాకపోతే తలకిందులుగా. డోరు లోపలి రేకులో ఉన్న పెద్ద కంతల గుండా ఆ వెనుక శబ్దం బయటికి వచ్చి ముందు శబ్దంతో కలిస్తే రెండింటి బాస్ (కింది స్వరాలు) ఒకదాన్నొకటి చంపుకుంటుంది. పైగా పలుచని రేకు అదురుతుంది. ఆరు వేల స్పీకరును ఒట్టి డోరులో బిగించడం తపేలాకు బిగించడమే. రెండు వేల స్పీకరును సరిగా మూసిన డోరులో పెడితే దానికన్నా నిండుగా పలుకుతుంది. ఇది పక్కపక్కన వినిపిస్తే గానీ ఎవరూ నమ్మరు.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. బయటి రేకు లోపలి వైపున స్పీకరు వెనుక భాగంలో అదురు ఆపే బ్యూటైల్ (రబ్బరు) డ్యాంపింగ్ షీటు అతికించాలి. రేకంతా కప్పనక్కరలేదు, మూడో వంతు చాలు. లోపలి రేకు కంతలు మూయాలి. స్పీకరుకూ రేకుకూ మధ్య సందు లేకుండా ఫోము చుట్టాలి. బ్యూటైల్ ఖరీదని ఇంటి కప్పుకు వేసే తారు షీటు అంటించమని అడుగుతారు. మే నెల ఎండకు అది మెత్తబడి జారుతుంది, కారంతా తారు వాసన. వద్దు.

మన వైపు వర్షాలు ఎలా కురుస్తాయో చెప్పనక్కరలేదు. అద్దం పక్కనుంచి దిగిన నీరు పోవడానికి డోరు అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. కంతలు మూసే ఉత్సాహంలో వాటినీ మూసేస్తే నీరు లోపలే నిలిచి రేకు తుప్పు పడుతుంది. స్పీకరు కింద పెట్టే రింగు ఎమ్‌డీఎఫ్ చెక్కదైతే రెండు వానాకాలాల్లో ఉబ్బిపోతుంది, కాబట్టి ప్లాస్టిక్ రింగు అడగండి. కొనేముందు అద్దం పూర్తిగా దించి లోతు కొలిపించండి. అయస్కాంతం అద్దానికి తగిలితే ఎంత మంచి స్పీకరైనా పనికిరాదు.

అపోహ: ట్వీటర్ విడిగా ఉండే కాంపోనెంట్ సెట్టే ఎప్పుడూ మేలు.

ట్వీటర్ పెట్టడానికి కారులో ముందే చోటు ఉంటే మేలే. లేకపోతే తక్కువ ధరలో, ట్వీటర్ లోపలే ఉండే కోయాక్సియల్ స్పీకరు కొనండి, మిగిలింది డోరుకు పెట్టండి.

అపోహ: వైరులో ఏముంది, ఏదైనా వైరే.

యాంప్లిఫైయర్ గానీ, సీటు కింద పెట్టే, కింది స్వరాలు పలికే చిన్న సబ్‌ఊఫర్ గానీ కొంటే బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగాలి. చౌక కిట్లలో రాగిలా మెరిసేది చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియమే. రాగితో పోలిస్తే అల్యూమినియం విద్యుత్తును మోసే శక్తి 61 శాతం. దానికి తోడు తొడుగు లావుగా, లోపలి తీగ సన్నగా ఉంటుంది. చాకుతో ఒక పోగు గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే విషయం తేలిపోతుంది. అల్యూమినియం వాడరాదని కాదు. వాడితే ఒక సైజు లావుది వాడాలి, ధర కూడా అల్యూమినియం ధరే ఇవ్వాలి.

ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. అది కాపాడేది యాంప్లిఫైయర్‌ను కాదు, వైరును. దారిలో ఎక్కడైనా తొడుగు ఒరిసిపోయి వైరు రేకుకు తగిలితే బండి అంటుకోకుండా ఆపేది అదొక్కటే. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని పెద్దది వేయమనేవారు ఉన్నారు. నేను వేయను, ఎందుకు పోతోందో వెతుకుతాను. ఎర్త్ వైరు (కారు రేకుకు కలిపేది) బిగించే చోట రంగు గీకి తళతళలాడే రేకు కనబడాలి. ఇంజను వేగంతో పాటు పెరిగే ఈల లాంటి రొద చాలాసార్లు అక్కడి నుంచే పుడుతుంది.

అపోహ: విద్యుత్తును కాస్త దాచి ఉంచే కెపాసిటర్ పెడితే బాస్ పెరుగుతుంది.

ఒక ఫారడ్ సామర్థ్యమున్న కెపాసిటర్ వోల్టేజీ 14 నుంచి 12కు పడేలోగా ఇచ్చే శక్తి 26 జౌళ్లు. 400 వాట్లు లాగే యాంప్లిఫైయర్‌కు అది సెకనులో పదిహేనో వంతు కూడా చాలదు. ఆ డబ్బుతో మంచి వైరు వస్తుంది.

అపోహ: యాంప్లిఫైయర్ మీది గెయిన్ బిరడా తిప్పితే పవరు పెరుగుతుంది.

పెళ్లి ఊరేగింపు డీజే మోత కారులోనూ కావాలని గెయిన్, బాస్ బూస్ట్ చివరిదాకా తిప్పిస్తారు. గెయిన్ ఉన్నది స్టీరియో నుంచి వచ్చే సిగ్నలుకు యాంప్లిఫైయర్‌ను సరిపెట్టడానికే. హద్దు దాటితే శబ్ద తరంగాల శిఖరాలు తెగిపోయి చదునవుతాయి. అలా తెగినప్పుడు పుట్టే అదనపు పై స్వరాల వేడి ముందుగా ట్వీటర్ సన్నని తీగచుట్ట మీద పడుతుంది. చిన్న యాంప్లిఫైయర్ పెద్ద స్పీకరును కాల్చలేదన్న ధీమా ఇక్కడే దెబ్బతింటుంది.

అపోహ: పాట ఫైలు ఏదైనా ఒకటే.

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కితే ఫోను సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది, అందుకే మన దగ్గర పెన్‌డ్రైవ్ ఇంకా బతికుంది. అందులో తెలుగూ ఒడియా కలిపి వేల పాటలు ఎక్కించి ఇస్తారు, ఎక్కువ పాటలు పట్టాలని బాగా కుదించి. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్ల సమాచారం) ఫైలును 320కి మార్చినా పోయిన వివరం తిరిగి రాదు, సైజు మాత్రమే పెరుగుతుంది. అసలే 320లో ఉన్న పాట సంపాదించండి. దానికీ వివరం ఏమీ పోని ఎఫ్‌ఎల్‌ఏసీకీ తేడా నడుస్తున్న డీజిల్ బండిలో వినిపిస్తుందనేవారితో నేను పందెం కాస్తాను.

పదిహేను వేలే ఉంటే నేను చేసే పంపకం ఇది: పాత స్టీరియో అలాగే ఉంటుంది, నాలుగైదు వేలు ముందు స్పీకర్లకు, రెండు మూడు వేలు డోర్ల పనికి, మిగిలింది యాంప్లిఫైయర్ లోపలే ఉండే సీటు కింది సబ్‌ఊఫర్‌కు, దాని వైరుకు. టైర్ల రొద, ఇంజను రొద మింగేసేది ముందు కింది స్వరాలనే కాబట్టి బొలేరో లాంటి బండిలో ఆ సబ్‌ఊఫర్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. షాపు గోడకు బిగించిన బోర్డు మీద విని స్పీకరు ఎంచుకోకండి, ఆ గోడ మీ డోరు కాదు. కొత్త బండి అయితే కంపెనీ వైరు కత్తిరించకుండా, గుచ్చి కలిపే కప్లర్‌తో కలపమని పని మొదలుపెట్టకముందే చెప్పండి. వారంటీ తగాదాలు ఎక్కువగా కత్తిరించిన ఆ వైరు దగ్గరే మొదలవుతాయి.