అసైన్‌మెంట్ చదివేదెవరు? కాలేజీ పాఠాల్లోకి బ్లాగు వచ్చిన కథ

కాలేజీలో రాసే అసైన్‌మెంట్‌ని చదివేది సాధారణంగా ఒక్కరే. లెక్చరర్ ఎర్ర పెన్నుతో నాలుగు టిక్కులు పెట్టి, కింద మార్కులు వేసి ఇచ్చేస్తారు. ఆ తర్వాత దాని మొహం చూసేవాళ్లుండరు. డేవిడ్ వైలీ అనే అధ్యాపకుడు 2013లో వీటికి 'వాడి పారేసే అసైన్‌మెంట్లు' అని పేరు పెట్టారు. రాసింది ఇంకా ఎవరైనా చదివితే ఎలా ఉంటుందన్న ఆశే కాలేజీల్లోకి బ్లాగుని తెచ్చింది.

దీని మూలాలు ఇంటర్నెట్ కంటే పాతవి. రాయడం భాషా తరగతికే పరిమితం కాకూడదు, ఫిజిక్స్ అయినా చరిత్ర అయినా రాస్తూ నేర్చుకోవాలి అనే వాదన 1970లలో అమెరికా, బ్రిటన్‌లలో బలపడింది. తెలిసినదాన్ని కాగితం మీద పెట్టడమే రాత కాదు, రాయడమే ఒక రకమైన నేర్చుకోవడం అని 1977లో జానెట్ ఎమిగ్ అనే అమెరికన్ అధ్యాపకురాలు ఒక వ్యాసంలో వాదించారు. ఆ ఊపులో కోర్సుకో జర్నల్ రాయించే పద్ధతి పెరిగింది. ఆలోచన మంచిదే. కానీ అరవై నోటుపుస్తకాలు ఇంటికి మోసుకెళ్లి దిద్దడం ఎంత పనో దిద్దినవాళ్లకే తెలుసు. పైగా ఒకరు రాసింది పక్కవాళ్లు చూసే వీలు లేదు.

'వెబ్‌లాగ్' అనే మాటని 1997లో జోర్న్ బార్గర్ అనే అమెరికన్ వాడుకలోకి తెచ్చారు. దాని పొట్టి రూపమే బ్లాగు. 1999 ఆగస్టులో బ్లాగర్ అనే సేవ వచ్చేదాకా వెబ్‌లో ఒక పేజీ పెట్టాలంటే చాలావరకు హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే కోడ్) నేర్చుకుని, ఫైళ్లు సర్వర్‌కి ఎక్కించాలి. బ్లాగర్‌తో ఒక పెట్టెలో టైప్ చేసి బటన్ నొక్కితే చాలు. సాహిత్యం చెప్పే మాస్టారికి కూడా ధైర్యం వచ్చింది.

2003లో హార్వర్డ్ లా స్కూల్‌లో డేవ్ వైనర్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు పెట్టిన ఏర్పాటుతో ఆ యూనివర్సిటీ ఈమెయిల్ ఉన్న ఎవరైనా బ్లాగు తెరవగలిగారు. అదే ఏడాది బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ వచ్చింది. 2004లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ 'యూథింక్' పేరుతో బ్లాగులిచ్చింది. దాన్ని నడిపింది లైబ్రరీ. నాకు ఇందులో నచ్చే విషయం అదే: విద్యార్థుల రాతని దాచిపెట్టదగ్గ సరుకుగా చూశారన్నమాట. 2005లో జేమ్స్ ఫార్మర్ ఆస్ట్రేలియాలో టీచర్లకి, విద్యార్థులకి బ్లాగులిచ్చే ఎడ్యుబ్లాగ్స్ మొదలుపెట్టారు.

కానీ ఎక్కువ కాలేజీలు కొనుక్కున్నది 'బ్లాక్‌బోర్డ్' లాంటి, కోర్సుల్ని ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్. లాగిన్ ఉన్నవాళ్లకే తలుపు తెరుచుకుంటుంది. కోర్సు అయిపోతే చాలాచోట్ల రాసినవాళ్లకి కూడా మూతపడుతుంది. దీనికి విరుగుడు వర్జీనియాలోని మేరీ వాషింగ్టన్ యూనివర్సిటీ చూపించింది. 2007లో క్యాంపస్ అంతటికీ బ్లాగులు, 2013 నాటికి విద్యార్థి పేరు మీదే సొంత డొమైన్, అంటే సొంత వెబ్ చిరునామా. చదువు అయ్యాక పట్టుకుపోవచ్చు.

2008లో స్టీఫెన్ డౌన్స్, జార్జ్ సీమెన్స్ అనే ఇద్దరు నడిపిన ఆన్‌లైన్ కోర్సు ఇలా అందరికీ కనిపించేలా రాయించడాన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. కెనడాలోని మానిటోబా యూనివర్సిటీలో ఫీజు కట్టినవాళ్లు పాతిక మంది దాకా, ఉచితంగా చేరినవాళ్లు 2,200కి పైగా. ఎవరి బ్లాగులో వాళ్లు రాసేవారు. కొత్త పోస్టుల్ని వాటంతటవే పట్టుకొచ్చే ఆర్‌ఎస్‌ఎస్ అనే పద్ధతి ఆ పోస్టుల్ని ఒకచోటికి లాగేది, రోజూ ఒక ఉత్తరంగా అందరికీ వెళ్లేది. 'మూక్' (వేలమంది చేరగల ఉచిత ఆన్‌లైన్ కోర్సు) అనే మాట పుట్టింది ఈ కోర్సుకే. తర్వాత వచ్చిన వీడియో కోర్సులు పేరు తీసుకున్నాయి, రాతని వదిలేశాయి.

తరగతిలో మాత్రం తంటాలు తప్పలేదు. 'వారానికి ఒక పోస్టు, రెండు కామెంట్లు' అని మార్కులు పెడితే, గడువుకి పది నిమిషాల ముందు 'బాగా రాశావు, నీ పాయింట్‌తో ఏకీభవిస్తున్నాను' అని పడుతుంది. రెండో కామెంటూ అదే, పేరు మార్చి! చూసేవాళ్లు పెరిగినంత మాత్రాన మనసు పెట్టి రాస్తారన్న గ్యారంటీ లేదు.

చట్టం ఇంకో చిక్కు. అమెరికాలో విద్యార్థుల వివరాల గోప్యతకి 1974 నుంచే ఫెర్పా చట్టం ఉంది. దాన్ని కారణంగా చూపిస్తూ 2011లో జార్జియా టెక్ యూనివర్సిటీ తన పాత కోర్సుల వికీ పేజీల్ని (విద్యార్థులంతా కలిసి రాసే వెబ్ పేజీలు) తీసేసింది. అందుకే చాలామంది టీచర్లు మారుపేర్లతో రాయనిస్తారు, మార్కులు మాత్రం విడిగా చెబుతారు.

2013 జూలైలో బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకచోట చూపించే గూగుల్ రీడర్ మూతపడింది. బ్లాగులు చదివే అలవాటు అప్పటికే సోషల్ మీడియా వైపు జారిపోతోంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక వారం వారం రాయాల్సిన మూడు వందల మాటల పోస్టు అరనిమిషం పనైంది. ఇప్పుడు కొందరు అధ్యాపకులు మళ్లీ తరగతిలోనే, కళ్లెదుటే, కాగితం మీద రాయిస్తున్నారు. ఆ కట్టలు మోసుకెళ్లి దిద్దే పని కూడా తిరిగొచ్చింది.