తెర మీద బాతు తిరుగుతోందా? అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో నాది కంప్యూటర్ రిపేర్ షాపు. సెలవులొస్తే పాతపట్నం వైపు నుంచి కూడా లాప్‌టాప్‌లు వస్తాయి. మొన్నొక పెద్దాయన సిస్టమ్ బల్ల మీద పెట్టి, ‘ఏటి బావూ ఇది! మా గుంటడు ఏదో బాతుని ఎక్కించీసినాడు. మౌసుని ముక్కుతో ఈడ్సుకుపోతంది, వైరస్సేనా?’ అన్నారు. నవ్వాపుకోవడం కష్టమైంది.

అపోహ: తెర మీద జంతువు తిరిగితే వైరస్ పట్టినట్టే, ఫార్మాట్ కొట్టాలి.

ఆ బాతు డెస్క్‌టాప్ గూస్ అనే సరదా ప్రోగ్రాము, 2020లో వచ్చింది. బాణం గుర్తుని లాక్కోవడం, బురదకాళ్ళతో తెరంతా తొక్కడం, చీటీలు ఈడ్చుకురావడం దాని ఉద్యోగం. ఎస్కేప్ మీట నొక్కి పట్టుకుంటే వెళ్ళిపోతుంది. అదే చూపించి పంపాను, డబ్బులేం తీసుకుంటాం! తెర మీద తిరిగే ఇలాంటి పెంపుడు బొమ్మలు చాలావరకు అంచుల్లేని, వెనకవన్నీ కనబడే విండోలే. లోపల బొమ్మలు వరసగా మారుతుంటాయి. మౌసు వెంట పరిగెత్తి, అది ఆగితే కునుకు తీసే నెకో పిల్లి 1980లలోనే జపాన్‌లో పుట్టింది.

అపోహ: అయితే ఏది దించుకున్నా పరవాలేదు.

మొదటి భయం కన్నా ఈ ధైర్యమే నాకెక్కువ పని తెస్తుంది. మాట్లాడే ఊదారంగు గొరిల్లా బాంజీ బడ్డీ గుర్తుందా? 13 ఏళ్ళలోపు పిల్లల వివరాలు పెద్దల అనుమతి లేకుండా సేకరించిందన్న అభియోగంపై, 2004లో దాని కంపెనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీపడి 75,000 డాలర్లు కట్టింది. పేరూ, పుట్టినరోజూ, ఫోన్ నంబరూ అడిగే పిల్లి మనకొద్దు. పేజీలో కొట్టొచ్చినట్టు కనబడే పెద్ద ‘డౌన్‌లోడ్’ బటన్ చాలాసార్లు ప్రకటనే. అది నొక్కినవాళ్ళ బ్రౌజర్లే నా దగ్గరికొస్తాయి. మైక్రోసాఫ్ట్ స్టోర్, ఆటలమ్మే స్టీమ్, లేదంటే ప్రోగ్రాములు పంచుకునే ఇచ్.ఐఓ, గిట్‌హబ్ సైట్లలో తయారుచేసినవాళ్ళ సొంత పేజీ, వీటిలోనే వెతకండి.

అపోహ: చిన్నప్పటి గొర్రె పాత సీడీలో ఉంది, కాపీ చేస్తే చాలు.

విండోల నెత్తిన నడిచి దబ్బున కిందపడే ఆ 1990ల గొర్రె నాకూ ఇష్టమే. కానీ 16 బిట్ కాలం ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో తెరుచుకోవు. సీడీ పాడైందని గొడవపడకండి. అదే గొర్రెని ఈ కాలానికి తిరగరాసినది స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది.

అపోహ: ఇవి పెడితే సిస్టమ్ నెమ్మదిస్తుంది.

ఒక్కటుంటే ఏమీ కాదు. షిమెజీలనే చిన్న కార్టూన్ బొమ్మలు మాత్రం వదిలేస్తే పిల్లల్ని పెడుతూ పోతాయి. సిస్టమ్ తెరిచిన ప్రతిసారీ బొమ్మ ప్రత్యక్షమవుతుంటే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ విభాగంలో ఆపేయండి.

మర్నాడు పెద్దాయన ఫోన్ చేశారు. మనవడు అన్నం మానేసి కూర్చున్నాడట. బాతు మాత్రం వద్దన్నారు, గొర్రెకి ఎంతవుతుందని అడిగారు.