రోజువారీ సిలువ: ఓ కాపరి వినే అపోహలు, చూసిన వాస్తవాలు

సికింద్రాబాద్ వైపు ఓ చిన్న క్రైస్తవ సంఘానికి చాలా ఏళ్లుగా కాపరిని, అంటే పాస్టరుని. "అయ్యగారూ, ఆత్మీయంగా ఎదుగుతలేను, ఏం చెయ్యాలె?" అని అడిగేవాళ్లు వారానికొక్కరైనా తగులుతారు. ఆ ప్రశ్న వెనకాల దాక్కుని ఉండే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: త్యాగం మిషనరీల పని, మనవల్ల కాదు.

క్రిస్మస్ వస్తే నగరం నుంచి బండ్లు కట్టుకుని మెదక్ చర్చికి పోతాం. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర కరువు రోజుల్లో ఆకలిగొన్నవాళ్లకు పని చూపించి కట్టించిన గుడి అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఆ గోపురం కింద నిలబడి మెడ పైకెత్తి చూసి, "అబ్బో, మనమెంత" అనుకుంటూ తిరిగొస్తాం. కానీ సిలువ ఎత్తుకుని తన వెంట రావాలని యేసు అన్న మాట బైబిల్లో మత్తయి 16:24లో, మార్కు 8:34లో, లూకా 9:23లో ఉంది. "ప్రతిదినము" అన్న మాట లూకా ఒక్కడే రాశాడు. రోజూ ప్రాణం ఇవ్వలేం కదా! రోజూ ఇవ్వగలిగేది చిన్నదే అయ్యుంటుంది. రోజు విడిచి రోజు నల్లా వచ్చే బస్తీలో మన డ్రమ్ము పక్కకు జరిపి, చంటిపిల్ల ఉన్న ఇంటికి ముందు పైపు వదలడం లాంటిది. ఆ ఇంటివాళ్లు మన సంఘంవాళ్లే అయ్యుండక్కర్లేదు.

అపోహ: ప్రార్థన కూటానికి రాకపోతే విశ్వాసంలో చల్లారిపోయినట్టే.

దీన్ని నేనే బోధించాను, సిగ్గుపడుతూ చెప్తున్నా. మా సంఘంలో ఒకావిడ శుక్రవారం ఉపవాస ప్రార్థనకు రావడం మానేసింది. రెండు నెలలు చూసి, పేరు ఎత్తకుండానే అందరికీ అర్థమయ్యేట్టు ప్రసంగ వేదిక మీంచి ఓ చురక వేశాను. తర్వాత తెలిసింది: అత్తగారికి కిడ్నీలు పోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. శుక్రవారం వాళ్ల వంతు.

మే నెలలో చూడ్డానికి వెళ్లాను. మెట్లెక్కేసరికే నాలుక పిడచకట్టింది. మంచం పక్కన కూర్చుని నా సీసా మూత తీశాను. ఆ పెద్దావిడ చూపు సీసా మీదే ఆగిపోయింది. రోజుకు ఇన్నే నీళ్లని డాక్టర్లు కొలిచి చెప్పారట. కోడలు స్టీలు గ్లాసులో సగం పోసి, గుటక గుటకగా తాగిస్తోంది. నన్ను వరండాలోకి పిలిచి మెల్లగా అంది: "ఏమనుకోకుండ్రి అయ్యగారూ, ఆమె ముంగట నీళ్లు తాగకుండ్రి. దూప మీదున్నది." మరి నువ్వెప్పుడు తాగుతావమ్మా అంటే, "ఆమె నిద్రపోయినంక" అంది.

నాలుగు గంటల డయాలసిస్, పోనూ రానూ బస్సు, ఎర్రటి ఎండ. ఆ గంటలన్నీ కోడలు నీళ్లు ముట్టదు. దానికి ఉపవాసమని పేరు కూడా పెట్టుకోలేదు. యెషయా 58లో దేవుడు తనకిష్టమైన ఉపవాసం ఎలా ఉంటుందో, ఆకలిగొన్నవాళ్లకు పెట్టడం లాంటిదని, వివరంగా చెప్పాడు. ఆ అధ్యాయం మీద ఎన్నిసార్లు వాక్యం చెప్పానో. ఆ తర్వాతి ఆదివారం సంఘం ముందే ఆమెను క్షమాపణ అడిగాను.

అపోహ: ముందు గుడికి, మిగిలితే ఇంటికి.

మార్కు 7లో యేసు కోపగించుకున్నది దీనిమీదే. "కొర్బాను", అంటే దేవార్పితమని చెప్పి తల్లిదండ్రులకు చెందాల్సింది ఎగ్గొట్టేవాళ్లను ఆయన వదల్లేదు. అమ్మ బీపీ మాత్రలు ఆపి కానుక కవరు నింపితే ఆ కవరు నాకొద్దు. (మా కోశాధికారికి ఈ మాట నచ్చదు.)

అపోహ: మంచిపనులు చేస్తే పరలోకం ఖాయం.

కాదు. ఎఫెసీ 2:8, 9 చదవండి, కృపచేతనే. కాకపోతే మనవాళ్లు తొమ్మిదో వచనం దగ్గరే ఆగిపోతారు. సత్‌క్రియల కోసమే మనం సృష్టించబడ్డామని పదో వచనంలో ఉంది.

అపోహ: కొట్టినా, తిట్టినా భరించడమే సిలువ.

ఈ మాట పట్టుకుని కమిలిన చెంపతో ప్రార్థనకొచ్చే ఆడబిడ్డలను చూశాను. "సర్దుకుపో అమ్మా" అని పంపిన పెద్దలనూ చూశాను. యోహాను 10:18లో ప్రభువు ఏమన్నాడు? తన ప్రాణం ఎవడూ తీసుకోడు, తనంతట తానే పెడుతున్నానన్నాడు. మనమిచ్చేది త్యాగం. మన దగ్గర లాక్కునేది దౌర్జన్యం. అలాంటివాళ్లకు ముందు మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు రాసిస్తాను, ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్ ఉన్నాయని చెప్తాను. ప్రార్థన ఆ తర్వాత.

అపోహ: సేవ చేసేవాళ్లు ఇంకొకరి సాయం అడగకూడదు.

మార్కు 6లో శిష్యులకు భోంచేసే తీరిక కూడా లేకపోతే, ఏకాంతంగా వెళ్లి కాసేపు అలసట తీర్చుకుందాం రమ్మన్నది యేసే. ఆ కోడలు మాత్రం ఎవరినీ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండా మేమే వంతులు వేసుకున్నాం. ఇప్పుడు సోమవారం యవ్వనస్థుల్లో ఒకరు, బుధవారం సంగీతం వాయించే అబ్బాయి తోడు వెళ్తారు. ఆమె ఇంట్లో పడుకుంటుంది.

శుక్రవారం నాది. ఉపవాస కూటాన్ని సాయంత్రానికి జరిపాం. నీళ్ల సీసా బండి డిక్కీలోనే పెట్టి పైకి వెళ్తాను.