రోమన్ సమ్మేళనాలు: సినిమా చెప్పినవి, తవ్వకాల్లో దొరికినవి

ఏప్రిల్ 21న నగరం పుట్టినరోజు పేరిట రోమ్‌లో సర్కస్ మాక్సిమస్ దగ్గర, మే నెలలో స్పెయిన్‌లోని తారగోనాలో, ఫ్రాన్స్‌లో నీమ్ పట్టణపు అరేనాలో, జర్మనీలో క్సాంటెన్‌లో, ఆస్ట్రియాలో కార్నుంటుమ్‌లో ప్రాచీన రోమన్ వేషభూషల సమ్మేళనాలు జరుగుతుంటాయి. బ్రిటన్‌లో ఎర్మిన్ స్ట్రీట్ గార్డ్ 1972 నుంచి ఈ పనిలోనే ఉంది. వీటికి వచ్చేవాళ్లలో కవాతు చేసే సైనిక బృందాలు ఒక రకం. రోమన్ వంట, నేత, లాటిన్, పండగలు, పూజావిధానాల మీద ఆసక్తి ఉన్న సంఘాలు రెండో రకం. యూరప్‌లోనో అమెరికాలోనో ఉంటూ పిల్లల్ని తీసుకుని చూడ్డానికి వచ్చిన తెలుగువాళ్లు కూడా "మేమూ చేరొచ్చా?" అని అడుగుతుంటారు. చేరొచ్చు. చేరేముందు వదిలించుకోవాల్సిన భ్రమలు కొన్నున్నాయి.

అపోహ: రోమన్ అంటే రోమనే, ఏ కాలపు సరుకైనా సరిపోతుంది

బృందంలో చేరగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఏ కాలం, ఏ సరిహద్దు?" అన్నది. క్రీ.శ. 9లో రైన్ నదికి అవతల ఉన్న సైనికుడికీ, క్రీ.శ. 250లో యూఫ్రటీస్ ఒడ్డున దురా-యూరోపోస్‌లో కాపలా ఉన్నవాడికీ కత్తి, డాలు, చెప్పులు, చొక్కా అన్నీ వేరు. మొదటివాడిది మొన వైపు సన్నబడే మైన్జ్ రకం పొట్టి కత్తి గ్లాడియస్, కాలికి అడుగున మేకులు కొట్టిన తోలు చెప్పు కలిగా. రెండోవాడిది పొడవైన కత్తి స్పాథా, మూసిన జోడు, పొడుగు చేతుల చొక్కా. ఇతని కత్తి అతని నడుముకు కడితే చూడ్డానికి వచ్చిన పిల్లలు పట్టుకోకపోవచ్చు గానీ, పక్క బృందంవాళ్లు పట్టుకుంటారు.

అందుకే డబ్బు చేతిలో ఉంది కదా అని ముందే హెల్మెట్ కొనెయ్యొద్దు. ముందు చొక్కా, తర్వాత కలిగా, తర్వాత బెల్టు. వీటితో తొలి ఏడాది గడిచిపోతుంది. మిగతావి చాలా బృందాలు అరువిస్తాయి. హెల్మెట్, డాలు రెండో ఏడాదికి చూసుకోవచ్చు, కవచం అన్నిటికన్నా చివర.

అపోహ: సైనికులంతా ఎర్ర చొక్కాలే తొడిగేవాళ్లు

క్రీ.శ. 138 నాటి ఈజిప్టు పాపిరస్ ఒకటి ఉంది. కప్పడోకియాలోని (ఇప్పటి టర్కీ) సైన్యానికి బట్టలు నేయమని నేతగాళ్లకిచ్చిన ఆర్డర్ అది. అందులో అడిగింది తెల్ల చొక్కా: పొడవు మూడున్నర మూరలు, వెడల్పు మూడు మూరల నాలుగు వేళ్లు. అంటే సుమారు 155 సెం.మీ., 140 సెం.మీ. మంజిష్ఠ జాతి వేరుతో అద్దిన ఎరుపు కూడా వాడుకలో ఉండేది కాబట్టి ఎరుపు తప్పని ఎవరూ అనరు. అందరికీ ఒకే ఎరుపు యూనిఫాం అన్నదే తప్పు.

కుట్టుకోవడం తేలిక. 150 సెం.మీ. పన్నా ఉన్న పలచని ఉన్ని గుడ్డ రెండున్నర మీటర్లు చాలు. సుమారు మీటరు వెడల్పున రెండు ముక్కలు కత్తిరించి భుజాల దగ్గర, పక్కలా కుట్టి, తలకూ చేతులకూ సందు వదలాలి. విడి చేతులు అక్కర్లేదు, వెడల్పు గుడ్డే భుజం దాటి కిందికి జారి చేతుల్లా కనిపిస్తుంది. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే: ఇప్పటి టీషర్టు కొలతకు ఇరుకుగా కుడతారు. బెల్టు కట్టి మోకాలి పైకి లాగాక గుడ్డ నడుము మీద ఉబ్బెత్తుగా వాలాలి. ఇరుకు చొక్కాకు ఆ వాలు రాదు, చెయ్యెత్తితే చంకలో చిరుగుతుంది.

అపోహ: రోమన్ కవచమంటే ఇనుప పట్టీల కవచమే

ఈ తప్పులో సగం వాటా ట్రాజన్ స్తంభానిది. ట్రాజన్ చక్రవర్తి డేసియా (ఇప్పటి రుమేనియా ప్రాంతం) మీద చేసిన యుద్ధాల గుర్తుగా క్రీ.శ. 113లో రోమ్‌లో నిలిపిన ఆ స్తంభం మీద లీజియన్ (రోమన్ పౌరుల ప్రధాన దళం) సైనికులందరికీ పట్టీల కవచం, సహాయక దళాలకు గొలుసు కవచం చెక్కారు. ఎవరెవరో చూడగానే తెలియడానికి శిల్పులు పెట్టుకున్న గుర్తు అది. అవే యుద్ధాల జ్ఞాపకంగా రుమేనియాలోని ఆడమ్‌క్లిసిలో కట్టిన స్మారకం మీద లీజియన్ సైనికులు గొలుసు కవచంలో, పొలుసుల కవచంలో కనిపిస్తారు. పట్టీల కవచానికి ముందూ, దాని కాలంలోనూ, అది పోయాకా నిలిచింది గొలుసు కవచమే.

అయినా కొత్తగా చేరినవాళ్లలో ఎక్కువమందికి పట్టీలే కావాలి. 1964లో ఉత్తర ఇంగ్లండ్‌లోని కార్బ్రిడ్జ్‌లో చెక్కపెట్టె నిండా దొరికిన కవచ భాగాలే ఇప్పటి నమూనాలకు ఆధారం. మిల్లీమీటరు మందం రేకుతో చేస్తే తొమ్మిది కిలోలకు అటూఇటూ తూగుతుంది. లోపల తోలు పట్టీలు రేకుల్ని ఒకదాని మీద ఒకటి వేలాడదీస్తాయి. బయట ఇత్తడి కీళ్లు, బకిల్స్ ఉంటాయి. ముందు పాడయ్యేవి ఈ రెండే. చెమటకు తోలు బిరుసెక్కి రివెట్ దగ్గర తెగుతుంది. పలచటి ఇత్తడి కీలు విరుగుతుంది. రోమన్ల కాలంలోనూ ఇంతే, కార్బ్రిడ్జ్ పెట్టెలోని కవచాల మీద విరిగిన కీలు తీసేసి రేకుకు రేకు నేరుగా రివెట్ కొట్టిన మరమ్మతులు కనిపిస్తాయి.

ప్రపంచమంతటా బృందాలు కొనే రెడీమేడ్ కవచాల్లో చాలా భాగం మన దేశంలో, ఉత్తరాది వర్క్‌షాపుల్లో తయారవుతాయి. ధర తక్కువ, పనితనం సరుకు సరుకుకూ మారుతుంది. కొనేముందు మూడు చూడాలి. ఛాతీ చుట్టుకొలత అసలు మనిషి కన్నా బాగా పెద్దదిగా ఉంటే తాడు బిగించినా ముందు అంచులు కలిసి ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. రేకు మందం మిల్లీమీటరున్నర ఉంటే మధ్యాహ్నానికే భుజాలు పడిపోతాయి. గొలుసు కవచమైతే రింగుల్ని ఊరికే వంచి కలిపారా, రివెట్ వేశారా అన్నది చూడాలి. రోమన్ పనితనంలో ఒక వరస అతుకులేని రింగులు, ఒక వరస రివెట్ వేసిన రింగులు ఉంటాయి. వంచి కలిపినవి నెలకోసారి ఊడి గడ్డిలో దొరుకుతుంటాయి.

కవచం ఏదైనా కింద మెత్త కట్టు ఉండాలి. భుజం మీద రెండు పొరలు అదనంగా కుడితే పట్టీల కవచం పక్కకు జారకుండా సరిగ్గా కూర్చుంటుంది. నొప్పిగా ఉందని కవచాన్ని తిట్టేవాళ్లలో ఎక్కువమంది కింద ఇది లేకుండా తొడిగినవాళ్లే.

అపోహ: డాలు బరువైన దిమ్మ

దురా-యూరోపోస్‌లో దొరికిన వంపు డాలు పలచని చెక్క బద్దల్ని మూడు పొరలుగా అతికించినది. బయటి పొరలు అడ్డంగా, నడిమి పొర నిలువుగా ఉంటాయి. ఎత్తు సుమారు 105 సెం.మీ. ఇప్పుడు మేము పలచని ప్లైవుడ్ షీట్లను జిగురుతో వంపు అచ్చు మీద బిగిస్తాం. పూర్తిగా ఆరకముందే అచ్చు విప్పితే వంపు సగం వెనక్కి పోతుంది. అంచుకు నానబెట్టిన పచ్చితోలు చుట్టి రంధ్రాల గుండా కుట్టాలి, ఆరాక అదే బిగుసుకుంటుంది. వానలో తడిస్తే మళ్లీ వదులవుతుంది కాబట్టి రంగు, మైనం తప్పనిసరి. డాళ్లకు తోలు తొడుగు వాడింది కూడా ఇందుకే.

అపోహ: చెయ్యి ముందుకు చాపితే రోమన్ వందనం

దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. సైనికుడు అరచెయ్యి కిందికి పెట్టి చెయ్యి నిటారుగా ముందుకు చాపి వందనం చేసినట్టు రోమన్ కాలపు ఆధారం లేదు. విగ్రహాల్లో చక్రవర్తి చెయ్యెత్తి ఉంటే అది ప్రసంగించే భంగిమ. చాపిన చేతుల దృశ్యం ప్రచారంలోకి వచ్చింది 1784లో జాక్ లూయీ డేవిడ్ వేసిన హొరేషీల ప్రమాణం చిత్రంతో. తర్వాత నాటకాలు, మూకీ సినిమాలు దాన్ని ఎత్తుకున్నాయి. వాటి నుంచి ఇటలీ ఫాసిస్టులు, వాళ్ల నుంచి నాజీలు తీసుకున్నారు. జర్మనీలో నాజీ వందనం శిక్షార్హమైన నేరం. ఫొటో కోసం సరదాగా చెయ్యెత్తే సందర్శకులు ప్రతి సమ్మేళనంలో ఉంటారు, వాళ్లను మర్యాదగా ఆపడం కొత్త సభ్యులకు నేర్పే తొలి పాఠాల్లో ఒకటి. పిడికిలితో గుండె మీద కొట్టుకోవడానికీ ఆధారం లేదు, అదీ సినిమాదే. డాలు నేలకానించి నిటారుగా నిలబడితే సరిపోతుంది.

అపోహ: కవాతులో వినిపించే లాటిన్ ఆజ్ఞలన్నీ ఆనాటివే

వరుసగా దొరికే లాటిన్ ఆజ్ఞలు క్రీ.శ. 600 ప్రాంతపు బైజాంటిన్ సైనిక గ్రంథం స్ట్రాటెగికాన్‌లోవి. "సిలెంటియం, మందాతా కప్తాతే" అంటే "నిశ్శబ్దం, ఆజ్ఞలు వినండి" అక్కడిదే. మొదటి శతాబ్దపు సైనికుడికి అది ఐదు వందల ఏళ్ల తర్వాతి మాట. మిగతావి బృందాలు లాటిన్ వ్యాకరణం చూసి కట్టుకున్నవి. తప్పేం లేదు, అడిగినవాళ్లకు ఆ మాట చెప్పాలి. ఇబ్బంది రెండు బృందాలు కలిసి కవాతు చేసినప్పుడు వస్తుంది. ఒకే మలుపుకు చెరో మాట వాడితే డాళ్లు ఢీకొంటాయి. ముందురోజు సాయంత్రం ఆజ్ఞలు పోల్చుకోవాల్సిందే. లాటిన్ రాకపోయినా చేరొచ్చు, పాతిక మాటలు చెవికి అలవాటైతే చాలు.

అపోహ: గ్లాడియేటర్లు "చావబోతున్నవాళ్లం, నీకు వందనం" అనే దిగేవాళ్లు

ఆ మాట క్రీ.శ. 52లో ఇటలీలోని ఫుసినే సరస్సు మీద క్లాడియస్ చక్రవర్తి వినోదానికి జరిపించిన నౌకాయుద్ధంలో అన్నదిగా రోమన్ రచయిత స్వెటోనియస్ రాశాడు. అన్నది శిక్షపడిన ఖైదీలు. చక్రవర్తి "కాకపోవచ్చు కూడా" అని బదులిస్తే క్షమాభిక్ష దొరికిందనుకుని పోరాడబోమని మొరాయించారు! గ్లాడియేటర్ పోటీకి నియమాలుండేవి, చేతికర్రతో రిఫరీ ఉండేవాడు, ఓడిన ప్రతివాడూ చావలేదు. మొజాయిక్‌లలో ఆ రిఫరీ స్పష్టంగా కనిపిస్తాడు. ప్రదర్శనల్లో రిఫరీ లేకుండా ఇద్దర్ని బరిలోకి దించితే అది చారిత్రకంగానూ తప్పు, భద్రతకూ తప్పు.

అపోహ: కలిగాలో సాక్సు తొడిగితే మోసం

ఉత్తర ఇంగ్లండ్‌లోని విండొలాండా రోమన్ కోటలో దొరికిన ఒక చెక్కపలక ఉత్తరంలో సాక్సులు, చెప్పులు, లోదుస్తులు పంపినట్టు రాసి ఉంది. చలికి వాళ్లు తొడిగారు, మనమూ తొడగొచ్చు. ఊలు సాక్సు అయితే సరే, బ్రాండు గుర్తున్న తెల్ల కాటన్ సాక్సు వద్దు.

అసలు ప్రమాదం అడుగున ఉన్న మేకులతో. పచ్చిక మీద పట్టు బాగుంటుంది. నున్నటి రాతి మీద జారుతుంది. క్రీ.శ. 70లో జెరూసలేం ఆలయ ప్రాంగణంలో జులియానుస్ అనే సెంచూరియన్ (రోమన్ దళ నాయకుడు) ఒంటరిగా శత్రువుల్ని తరిమేస్తూ ఈ మేకుల వల్లనే రాతినేల మీద జారి పడి చనిపోయాడని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. మ్యూజియం మెట్ల మీద, పాలరాతి నేల మీద నడవాల్సి వస్తే ముందే విప్పెయ్యాలి. నేల పాడవుతుందని చాలా మ్యూజియంలు రానివ్వవు కూడా.

అపోహ: టోగా రోజూ కట్టుకునే దుస్తు

టోగా పౌరుడి లాంఛనం. బానిసకు లేదు, ఇంట్లో పనికి పనికిరాదు. మొదటి శతాబ్దపు టోగా ఐదున్నర మీటర్ల పొడవున్న అర్ధచంద్రాకారపు ఉన్ని గుడ్డ. పిన్ను వెయ్యకూడదు. ఎడమ భుజం మీద వేసుకుని, వీపు వెనక నుంచి కుడి చంక కిందుగా తెచ్చి, మళ్లీ ఎడమ భుజం మీదికి వెయ్యాలి. ఉత్తరీయం మోయడం అలవాటున్నవాళ్లకు ఎడమ చేతిని మడిచి గుడ్డ బరువు ఆపుకోవడం త్వరగా వస్తుంది. దుప్పటితో చేసిన దీర్ఘచతురస్రం టోగా జారుతూనే ఉంటుంది, ఎంత సర్దినా నిలవదు.

అపోహ: రోమన్ వంటంటే ఇప్పటి ఇటాలియన్ వంటే

టమోటా, మిరప, మొక్కజొన్న, బంగాళాదుంప 1492కు ముందు యూరప్‌లో లేవు. ఉన్నవి వెల్లుల్లి, ధనియాలు, వెనిగర్, తేనె, చేపల పులుసుసారం గారుమ్. వీటితోపాటు మన మిరియాలు. రోమన్ రచయిత ప్లినీ చెప్పిన ధరల ప్రకారం పౌను నల్ల మిరియాలు 4 దినారియస్‌లు (రోమన్ వెండి నాణేలు), తెల్లవి 7, పిప్పళ్లు 15. ఆ వ్యాపారపు నాణేలు మన దగ్గరా దొరికాయి. నల్లగొండ ప్రాంతంలోని అక్కనపల్లిలో వెండి దినారియస్‌లు బయటపడ్డాయి. ఆనాటి గ్రీకు సముద్రయాన గ్రంథం పెరిప్లస్ మసాలియా అని పిలిచిన మచిలీపట్నం తీరం నేత బట్టలకు పేరు. సమ్మేళనంలో మిరియాల గిన్నె పక్కన కూర్చునే తెలుగువాడికి చెప్పుకోవడానికి ఇంత కథ ఉంది.

వంట బల్ల దగ్గర జాగ్రత్తలు రెండు. ఇత్తడి పాత్రల నమూనాల్లో చాలావాటికి లోపల కళాయి ఉండదు. అందులో వెనిగర్, గారుమ్ వేసి మరిగిస్తే కిలుము తిండిలోకి దిగుతుంది. కళాయి వేయించేదాకా అవి అలంకారానికే. జున్ను, వెల్లుల్లి, ఆకులు కలిపి నూరే మొరేతుమ్‌లో పాత పద్ధతిలో రూ ఆకు (సదాపాకు) పడుతుంది. గర్భిణులు దాన్ని తినకూడదు, పచ్చి ఆకు తాకిన చేతికి ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి. కొత్తిమీరతో సరిపెట్టుకోండి.

అపోహ: సాయంత్రానికి మూటకట్టుకుని వెళ్లిపోవడమే

చెమట తగిలిన ఇనుము రాత్రికి రాత్రే నారింజ రంగుకు తిరుగుతుంది. గుడారంలోనే పొడిబట్టతో తుడిచి, పలచగా నూనె రాసి, తర్వాతే సంచిలో పెట్టాలి. తడి తోలును కవచంతో కలిపి మూసేస్తే ఇత్తడి తగిలిన చోటల్లా పచ్చగా కిలుము పడుతుంది. మొద్దుబారిన కత్తైనా విమానంలో చెక్-ఇన్ సామాన్లలోనే వెళ్లాలి, మొనకు తొడుగు వేసి. దేశం దాటుతుంటే అక్కడి ఆయుధ చట్టం ముందే చూసుకుని, సమ్మేళనం నిర్వాహకులిచ్చిన ఆహ్వానపత్రం అచ్చు తీసి సంచిపైనే ఉంచుకోండి.