టీవీలో పుట్టిన ఆట, టీవీ లేని రాత్రి

2022 మే 31. పోటీకి ఇంకా 19 రోజులే ఉంది. రింగుకు ఆనుకుని ఉండే ముందు వరస సీటు ఒక్కోటి 30 లక్షల యెన్‌లు, అప్పటి లెక్కలో మన డబ్బు పదిహేడు లక్షల పైమాటే. అలాంటి పోటీని తాము ప్రసారం చేయడం లేదని ఫుజి టీవీ ఆ రోజు చెప్పేసింది. జూన్ 19న టోక్యో డోమ్‌లో ఈ కిక్‌బాక్సింగ్ పోటీలో తలపడాల్సినవాళ్లు ఇద్దరు. 23 ఏళ్ల నాసుకావా తెన్‌షిన్, 30 ఏళ్ల తకేరు. వీళ్లిద్దరినీ ఒకే రింగులో చూడాలని జపాన్ అభిమానులు ఆరేడేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారు. తీరా ముహూర్తం దగ్గరపడ్డాక మేళగాళ్లు రామన్నట్టయింది.

ఎందుకిలా జరిగిందో తెలియాలంటే తెన్‌షిన్ కథ ఒక్కటే చాలదు. ఆ ఆటకూ టీవీకీ ఉన్న చుట్టరికం కూడా తెలియాలి.

కిక్‌బాక్సింగ్ అన్న మాట వినగానే ఇంగ్లిషు దేశాల సరుకనుకుంటాం. ఆ పేరు పెట్టింది జపాన్‌లో బాక్సింగ్ పోటీలు నడిపే నొగుచి ఒసాము. థాయ్‌లాండ్ సంప్రదాయ పోరాట క్రీడ ముయెథాయ్‌ని చూసి, దానికీ కరాటేకీ ముడిపెట్టి, 1966లో ఒసాకాలో మొదటి పోటీలు పెట్టాడు. ఆటకు ఒక హీరో కావాలి కదా. కరాటే కుర్రాడు సవమురా తదాషి దొరికాడు. తొలినాళ్లలోనే ఒక థాయ్ బాక్సర్ చేతిలో ఇతను ఒకే పోరులో 16 సార్లు కిందపడ్డాడు. ఇంకొకరైతే గ్లవ్స్ అటక మీద పడేసేవారు. సవమురా మళ్లీ వచ్చాడు. 1968 నుంచి టీబీఎస్ చానల్ ఈ పోటీల్ని చూపించడం మొదలుపెట్టాక గాల్లోకి లేచి మోకాలితో కొట్టే అతని దెబ్బ దేశంలో పిల్లలందరికీ ఆటయిపోయింది. అతని మీద బొమ్మల కథ వచ్చింది, కార్టూన్ సీరియల్ వచ్చింది. 1973లో జపాన్ ప్రొఫెషనల్ క్రీడాకారుల అత్యున్నత పురస్కారం సవమురాకే దక్కింది. ఆ ఏడు బేస్‌బాల్‌లో ఓ సదహారు బ్యాటింగ్‌లో మూడు ప్రధాన లెక్కల్లోనూ మొదటి స్థానంలో నిలిచి ట్రిపుల్ క్రౌన్ కొట్టినా సరే. అదే ఏడాది నొగుచి చేతికింద ఉన్న గాయకుడు ఇత్సుకి హిరోషికి జపాన్ రికార్డ్ అవార్డు కూడా వచ్చింది. పాటా, తన్నూ రెండూ ఒకే కొట్లో అమ్మిన ఘనుడు నొగుచి.

సవమురా తప్పుకున్నాక చూసేవాళ్లు తగ్గారు. 1970ల చివరికి టీబీఎస్ ప్రసారం ఆపేసింది. టీవీ పోగానే ఆట చిన్న హాళ్లకు కుదించుకుపోయింది. సంఘాలు ముక్కలు చెక్కలయ్యాయి. బాక్సింగ్‌కైతే 1952 నుంచి జపాన్ బాక్సింగ్ కమిషన్ ఉంది. లైసెన్సు ఇచ్చేదీ, టైటిల్‌ను గుర్తించేదీ, తప్పు చేస్తే పీకేదీ అదే. కిక్‌బాక్సింగ్‌కు అలాంటి పెద్దదిక్కు ఎప్పుడూ లేదు. ఎవరు పోటీలు పెడితే వాళ్లదే రాజ్యం, వాళ్లదే బెల్టు. నా లెక్కలో రోగం మూలం ఇక్కడే ఉంది.

రెండో వైభవం కే-1 అనే పోటీలతో వచ్చింది. సెయిదోకైకాన్ అనే కరాటే సంస్థ గురువు ఇషీ కజుయోషి 1993 ఏప్రిల్ 30న టోక్యోలోని యొయొగి స్టేడియంలో ఒక్క రాత్రిలో తేలిపోయే హెవీవెయిట్ టోర్నీ పెట్టాడు. ఫుజి టీవీ తోడయింది. 2002లో తక్కువ బరువుల వాళ్లకు కే-1 వరల్డ్ మ్యాక్స్ మొదలైతే టీబీఎస్ తీసుకుంది. అందులో 2003లో, మళ్లీ 2008లో గెలిచిన మసాతో సినిమా నటుడంత పేరు సంపాదించాడు. డిసెంబరు 31 రాత్రి జపాన్ ఇళ్లలో ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే పాటల పోటీ చూడటం ఆనవాయితీ. 2003లో ఆ రాత్రే టీబీఎస్‌లో మాజీ సుమో యోధుడు అకెబోనో, బాబ్ శాప్ తలపడితే, కొద్ది నిమిషాలపాటు ఎన్‌హెచ్‌కేనే దాటి జనం ఆ చానల్ చూశారు.

పతనమూ అంతే వేగంగా వచ్చింది. ఇషీ పన్ను ఎగవేత కేసులో చిక్కుకుని జైలుకెళ్లాడు. 2006 జూన్‌లో ప్రైడ్ అనే మరో పోరాటాల సంస్థకు యాకూజా నేర ముఠాలతో సంబంధాలున్నాయని ఒక వారపత్రిక రాయడంతో ఫుజి టీవీ దాని ప్రసారాలు తెంచేసింది. అప్పుడు ప్రైడ్ నడుపుతున్నది సకకిబారా నొబుయుకి. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. 2009 చివరి రోజున మసాతో రిటైరయ్యాడు. రెండు మూడేళ్లలో పాత కే-1 నడిపిన కంపెనీ అప్పుల్లో మునిగి దివాలా తీసింది.

తెన్‌షిన్ ఈ శిథిలాల మధ్య పెరిగిన పిల్లాడు. 1998 ఆగస్టు 18న పుట్టాడు, ఊరు టోక్యో పక్కనే చిబా రాష్ట్రంలోని మత్సుదో. అయిదేళ్లప్పుడు కరాటేలో చేరాడు. తర్వాత తండ్రి హిరోయుకియే కోచ్, ఆయన పెట్టిన జిమ్మే బడి. 2014 జులైలో, పదహారు కూడా నిండకుండా, రైజ్ అనే సంస్థ పోటీల్లో మొదటి ప్రొఫెషనల్ పోరు ఆడి ఒక్క రౌండ్‌లోనే ముగించాడు. మరుసటి మే నెలకు బెల్టు నడుముకు చుట్టుకున్నాడు. ఎడమచేతి వాటం. బరువు 55 కిలోల దరిదాపు. పాదం నేలమీద ఉందో గాల్లో ఉందో తెలియనంత వేగం. వెనక్కి తిరిగి తన్నే తన్ను, తలకిందులుగా దొర్లి మడమతో కొట్టే దెబ్బ అతనికి మామూలు. మన సినిమాల్లో హీరో ఇలా కొడితే తాళ్లు కట్టారంటాం. 2016 డిసెంబరులో థాయ్‌లాండ్ లుంపినీ స్టేడియం ముయెథాయ్ చాంపియన్ వాంచలోంగ్‌ను తెన్‌షిన్ ఆ వెనక తన్నుతోనే మొదటి రౌండ్‌లో పడగొట్టాడు.

అన్నీ నల్లేరు మీద బండి నడక కాదు. 2018 జూన్‌లో థాయ్ యోధుడు రోద్‌తాంగ్‌తో పోరు అయిదు రౌండ్లకూ తేలక అదనపు రౌండ్‌కు వెళ్లింది. తెన్‌షిన్ గెలిచాడన్నారు. రోద్‌తాంగే గెలవాల్సిందని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం.

ఆ ఏడాది డిసెంబరు 31న జరిగింది వేరే కథ. 2015లో రైజిన్ పేరుతో కొత్త సంస్థ పెట్టి ఫుజి టీవీకి మళ్లీ దగ్గరైన సకకిబారా, అమెరికా బాక్సింగ్ దిగ్గజం ఫ్లాయిడ్ మేవెదర్‌ను సైతామాకు రప్పించాడు. బాక్సింగ్ నియమాలే, కాలు వాడకూడదు, ఫలితం రికార్డుల్లోకి ఎక్కదు. మేవెదర్ నాలుగున్నర కిలోల దాకా ఎక్కువ బరువు. నవ్వుతూ మొదలుపెట్టిన మేవెదర్, గట్టి దెబ్బ ఒకటి తగిలాక నవ్వు ఆపాడు. మొదటి రౌండ్‌లోనే మూడుసార్లు కిందపడి, లేవాలని చూస్తూ కాళ్లు తడబడుతున్న తెన్‌షిన్ కోసం తండ్రి వైపు నుంచి, ఓటమి ఒప్పుకున్నట్టు, టవల్ పడింది. 20 ఏళ్ల కుర్రాడు రింగు మధ్య వెక్కివెక్కి ఏడవడం దేశమంతా టీవీలో చూసింది. పోటీగా చూస్తే సిగ్గుచేటు. కానీ కిక్‌బాక్సింగ్ తెలియని ఇళ్లలోకి కూడా తెన్‌షిన్ పేరు వెళ్లింది ఆ రాత్రే.

ఇక తకేరు సంగతి. అసలు పేరు సెగవా తకేరు, తొత్తొరి రాష్ట్రంలోని యొనగో ఊరివాడు. 2014లో కొత్త యజమానులు లేపి నిలబెట్టిన కే-1కు ముఖచిత్రం అతనే. మూడు బరువుల్లో చాంపియన్. 2015 నవంబరులో కే-1 పోటీలు చూడటానికి వచ్చిన 17 ఏళ్ల తెన్‌షిన్ అందరి ముందూ తకేరుతో తలపడతానన్నాడు. అంత మాట అనడం తేలికే, కలపడం ఎవరి తరం? కొత్త కే-1 తన ఆటగాళ్లను ఒప్పందాలతో కట్టేసుకుంది, బయట రింగుల్లో ఆడనివ్వదు. కావాలంటే మా ఇంటికి రండి అన్నది దాని పద్ధతి. తెన్‌షిన్ రైజ్, రైజిన్ రింగుల మనిషి. పెద్దదిక్కు లేని ఆటలో ఈ గోడ పడగొట్టే అధికారం ఎవరికీ లేదు. అభిమానులు మాత్రం పారిపోతున్నావంటూ ఏళ్ల తరబడి తకేరును తిట్టిపోశారు. ఒప్పందం రాసినవాళ్లను వదిలేసి సంతకం పెట్టినవాడి మీద పడ్డారు.

గోడకు మొదటి కన్నం పెట్టింది తకేరే. 2020 డిసెంబరు 31న తెన్‌షిన్ పోరు చూడటానికి సైతామా వెళ్లి రింగు పక్కన కూర్చున్నాడు. ఏడాది తర్వాత, 2021 డిసెంబరు 24న, పోటీ ఖాయమైందని ప్రకటించారు. రైజ్, కే-1 ఒకే గొడుగు కిందికి వచ్చాయి. సకకిబారా కూడా నిర్వాహకుల్లో ఒకడు. బరువు 58 కిలోలు, మూడు రౌండ్లు. అప్పటికే తెన్‌షిన్ కిక్‌బాక్సింగ్ వదిలి బాక్సింగ్‌కు వెళ్తానని చెప్పేశాడు కాబట్టి ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

ఆ వేడిలో వారపత్రికలు మళ్లీ కలం తీశాయి. ఈసారీ గురి సకకిబారా మీదే, ఈసారీ మాట ముఠాల గురించే. ఆరోపణలు నిజం కాదని ఆయన అన్నాడు. 16 ఏళ్ల కిందట చేసినట్టే ఫుజి టీవీ చేతులు దులుపుకుంది. పిల్లలు డబ్బు కట్టకుండా ఇంట్లో టీవీలో చూడాలని ఆటగాళ్లు అడిగినా లాభం లేకపోయింది.

జూన్ 19న డోమ్‌కు 56,399 మంది వచ్చారు. మొదటి రౌండ్ చివర్లో తెన్‌షిన్ ఎడమచేతి హుక్ తగిలి తకేరు కిందపడ్డాడు. లేచాడు, మూడో రౌండ్‌లో దెబ్బలు తింటూ నవ్వుతూ మీదమీదకు వచ్చాడు, కానీ ఆ లోటు పూడలేదు. అయిదుగురు జడ్జీలూ తెన్‌షిన్‌కే ఇచ్చారు. ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు. డబ్బు కట్టి చూసే అబెమా ఆన్‌లైన్ ప్రసారాన్ని అయిదు లక్షల పైచిలుకు మంది కొన్నారు. చానల్ కాదంటే ఆట ఆగిపోయే రోజులు పోయాయని ఆ అంకెతో తేలిపోయింది. అయితే సవమురాను చూసి వీధిలో మోకాలి దెబ్బలు ఆడుకున్న పిల్లల్లాంటివాళ్లు ఆ అయిదు లక్షల్లో ఎందరుంటారు?

తెన్‌షిన్ కిక్‌బాక్సింగ్ లెక్క 42 పోరులు, 42 గెలుపులు, అందులో 28 నాకౌట్లు. తెయికెన్ బాక్సింగ్ జిమ్‌లో చేరి, 2023 ఏప్రిల్ 8న అరియాకే అరీనాలో బాక్సర్‌గా అడుగుపెట్టాడు. ఇక్కడ ఒక కమిషన్ ఉంది, ర్యాంకులున్నాయి, ఎవరితో ఆడాలన్నదానికి ఒక దారి ఉంది. వరసగా ఏడు గెలిచాడు. 2025 నవంబరు 24న టొయోటా అరీనాలో ఖాళీగా ఉన్న డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) బాంటమ్‌వెయిట్ ప్రపంచ టైటిల్ కోసం ఇనొవే తకుమాతో 12 రౌండ్లు ఆడాడు. మొదటి రెండు మూడు రౌండ్లలో చేతులు బాగానే ఆడాయి, తర్వాత తకుమా దగ్గరికి జరిగి పట్టు బిగించాడు. ముగ్గురు జడ్జీలూ తకుమా గెలిచాడన్నారు. ప్రొఫెషనల్‌గా తెన్‌షిన్ రికార్డుల్లోకెక్కిన మొదటి ఓటమి అది. దాన్నీ ఏ టీవీ చానలూ చూపించలేదు. అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది.